మబ్బు వెలుపలి గీతలు

ఇక్కడికి వచ్చే మిత్రులలో ఎక్కువమంది పద్యాలకోసమో, పాత పుస్తకాల కబుర్లకోసమో వస్తారని నాకు తెలుసు. ఈసారి మాత్రం నా పొట్టకూటి విద్య గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలని ఉంది. విసుగనిపిస్తే మన్నించండి. చివరికి మళ్ళీ మన పాఠాంతరాల గొడవలోకే వచ్చి తేలుతానని ముందుగానే మాట ఇస్తున్నాను.

కట్టడాల డ్రాయింగులను సరిచూడడం నా వృత్తి. ఒక పెద్ద భవనానికి పునాది మొదలు పైకప్పు మీది నీళ్ళతొట్టి దాకా వందలకొద్దీ డ్రాయింగులు ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటీ మొదట గీసినట్టుగా చివరిదాకా నిలవదు. యజమానికి మెట్లు ఇటు కాక అటు ఉంటే బాగుండుననిపిస్తుంది. లిఫ్టువారు గోతి కొలత మారుస్తారు. నీటి గొట్టాలవారికి దూలం అడ్డువస్తుంది. మారిన ప్రతిసారీ డ్రాయింగు మూలన ఉండే పట్టికలో కూర్పు సంఖ్య ఒకటి పెరుగుతుంది. మార్పు ఎక్కడో చూసేవాడు వెదుక్కోనక్కరలేకుండా, ఆ చోటు చుట్టూ వంకీల గీత ఒకటి గీస్తారు. చిన్నపిల్లలు గీసే మబ్బులా ఉంటుందది. ఇంగ్లీషులో దాని పేరు కూడా రివిజన్ క్లౌడే. మనం మబ్బు అనే అనుకుందాం.

ఈ మధ్య మా కార్యాలయంలో ఇద్దరు కుర్రవాళ్ళు వాదులాడుకుంటున్నారు. “మబ్బులు ఉన్నాయి కదా, ఆ చోట్లు చూస్తే చాలదా?” అని ఒకరు. “మబ్బులతో పనేమిటి? రెండు కూర్పులనూ రెండు రంగుల్లో ఒకదానిమీద ఒకటి పరిచి చూపే సాఫ్టువేరు ఉండగా? అది చూపిందే తేడా, చూపనిది తేడా కాదు” అని రెండోవారు. తీర్పు చెప్పమని ఇద్దరూ నావైపు తిరిగారు. ఇద్దరితోనూ ఏకీభవించలేకపోయాను. కారణం చెప్పాలంటే కొన్నేళ్ళ వెనకటి ఒక సాయంత్రం సంగతి చెప్పాలి.

హైదరాబాదు శివార్లలో ఒక అపార్టుమెంటు కడుతున్నారు. మూడో అంతస్తు స్లాబు డ్రాయింగు కొత్త కూర్పు నా బల్లమీదికి వచ్చింది. లిఫ్టు దగ్గర ఒక మబ్బు, మెట్ల దగ్గర రెండు మబ్బులు. మూడింటినీ పాత కూర్పుతో ఒకటికి రెండుసార్లు సరిచూశాను. కొలతలు కలిశాయి, లెక్కలు కలిశాయి. సంతకం చేసి పంపించాను. రెండు వారాలు గడిచాయి. మర్నాడు పొద్దున్నే స్లాబు వేస్తారనగా సాయంత్రం ఆరింటికి ఫోను మోగింది. అవతల మాట్లాడుతున్నది సైటులోని రాడ్డు మేస్త్రి. యాభై దాటిన మనిషి. నాతో అంతకుముందు ఎన్నడూ నేరుగా మాట్లాడి ఎరగడు.

“సార్, ముందొచ్చిన కాయిదంల బాల్కనీల మీద పై రాడ్లు ఉండె. ఇప్పుడొచ్చిన కాయిదంల లేవు. తీసేసిండ్రా, మర్సిపోయిండ్రా?”

నా గుండె ఝల్లుమంది. “మీకెలా తెలిసింది మేస్త్రీ?” అని మాత్రం అడగగలిగాను.

“రెండు కాయిదాలు కలిపి ఎండకు పట్టిన సార్. స్తంభాల మీద స్తంభాలు పెడితే అన్నీ కలిసినయ్. బాల్కనీల కాడ కలువలే. కాయిదంల ఉన్నట్టే కట్టమన్నడు సూపర్వైజరు. నాకు మనసొప్పలే.”

ఈ విద్యతో పరిచయం లేనివారికి ఒక్క మాట. మామూలు స్లాబుకు రెండు వైపులా ఆధారం ఉంటుంది కనుక నడుమ బరువు పడినప్పుడు అడుగుభాగం సాగుతుంది. అందుచేత ముఖ్యమైన ఇనుము అడుగున ఉంటుంది. బాల్కనీ అలా కాదు. గోడలోనుంచి ముందుకు చాచిన చేయి వంటిది. దానిమీద బరువు పడితే సాగేది పైభాగం. కాంక్రీటు నొక్కుడుకు ఓర్చినట్టుగా సాగుడుకు ఓర్వలేదు. ఆ పని పై రాడ్లది. అవి లేని బాల్కనీ సెంట్రింగు తీసిన నాడే విరిగిపడవచ్చు. లేదా, అంతకంటే ఘోరంగా, మనుషులు వచ్చి నిలబడిన నాడు విరిగిపడవచ్చు.

ఆ రాత్రే విచారిస్తే జరిగింది తెలిసింది. లిఫ్టు దగ్గర మార్పు చేస్తున్నప్పుడు తెరమీద గీతలు కిక్కిరిసి అడ్డువస్తున్నాయని, పై రాడ్లు ఉన్న లేయరును గీసే అబ్బాయి కాసేపు ఆపివేశాడు. పని ముగిశాక మళ్ళీ వెలిగించడం మరిచాడు. అలాగే ప్రింటు తీశాడు. బాల్కనీల దగ్గర తాను ఏదో మార్చినట్టు అతనికే తెలియదు. తెలియనిదాని చుట్టూ మబ్బు ఎలా గీస్తాడు? అతనిని నేను తప్పుపట్టలేను. అతడు వేలెత్తి చూపిన చోటనే చూసి, చూపని చోట కన్నెత్తి చూడకుండా సంతకం పెట్టిన తప్పు నాది. స్లాబు ఒకరోజు ఆగింది. రాడ్లు కట్టించి, నేను స్వయంగా వెళ్ళి లెక్కపెట్టి వచ్చాను. ఆ సంతకం ఉన్న కాగితం ఇప్పటికీ నా సొరుగులో ఉంది.

ఆనాటినుంచి మబ్బు గురించి నా అభిప్రాయం ఒకటే. మబ్బు సాక్ష్యం కాదు, వాంగ్మూలం. గీసినవాడు తాను మార్చానని అనుకుంటున్నదే అందులో ఉంటుంది. తెలియక జరిగినదీ, చెప్పడం ఇష్టంలేక దాచినదీ అందులో ఉండవు. అన్నిటికంటే ముఖ్యం, తొలగిపోయిన గీత చుట్టూ మబ్బు గీయడం సామాన్యంగా ఎవరికీ తోచదు. ఖాళీ చోటు చుట్టూ ఏమని గీస్తారు? అందుచేత కూర్పులను పోల్చడానికి మబ్బులు చాలవు. రెండు కాగితాలూ ఒకదానిమీద ఒకటి పడాలి.

మేస్త్రి ఎండలో చేసినది మా పూర్వులు అద్దపు బల్లమీద చేసిన పనే. జాన్ హెర్షెల్ 1842లో కనిపెట్టిన నీలిముద్రణ పద్ధతి తర్వాత ఇంజనీరింగు ప్రతులకు ఆధారమైంది. నీలి కాగితం మీద తెల్ల గీతలుగా వచ్చే ఆ ప్రతులనుంచే బ్లూప్రింటు అనే మాట పుట్టింది. దాని తర్వాత అమోనియా ప్రింట్లు వచ్చాయి. ఆ గది ముందునుంచి నడిచినవారికి ఆ ఘాటు జన్మలో మరపుకు రాదు. మూలప్రతి మాత్రం వెలుతురు దూరే ట్రేసింగు కాగితం మీద ఉండేది. కింద దీపం ఉన్న అద్దపు బల్లమీద పాత ట్రేసింగు, దానిమీద కొత్త ట్రేసింగు పరిస్తే కలవని గీత ఇట్టే కనబడేది. 1982 డిసెంబరులో ఆటోక్యాడ్ మొదటి కూర్పు వచ్చింది. తర్వాత తర్వాత బల్ల పోయి తెర వచ్చింది, ట్రేసింగు కాగితం పోయి లేయరు వచ్చింది. కాగితం మీద లేని ఒక సదుపాయం తెరమీద దొరికింది. అది రంగు.

పద్ధతి చాలా సులువు. పాత కూర్పులోని గీతలన్నిటికీ ఎరుపు వేస్తాం. కొత్త కూర్పులోని గీతలన్నిటికీ నీలమూ ఆకుపచ్చా కలిసిన రంగు వేస్తాం. రెండు పొరలనూ రంగులు గుణించుకునే పద్ధతిలో ఒకదానిమీద ఒకటి పెడతాం. తెరమీది ప్రతి చుక్కా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు వెలుగుల పాళ్ళతో ఏర్పడేదే కదా. ఎర్ర గీతలో మొదటి వెలుగు మాత్రమే ఉంది. రెండో గీతలో తక్కిన రెండే ఉన్నాయి. ఒకదానితో ఒకటి గుణిస్తే మూడు పాళ్ళూ సున్నా అవుతాయి, అంటే నలుపు. తెల్ల కాగితం మీద పడిన గీత తన రంగులోనే మిగులుతుంది. కనుక నల్లని గీత మారలేదు, ఎర్రని గీత పోయింది, నీలిపచ్చ గీత కొత్తగా వచ్చింది. నా డ్రాయింగును ఆ రాత్రి ఇలా పరిచి చూశాను. మూడు మబ్బుల్లోనూ అక్కడక్కడ రంగు ఉంది. వాటికి దూరంగా, పటం అంచుల పొడవునా, దువ్వెన పళ్ళలా ఎర్ర గీతల వరుసలు. రెండు నిమిషాల పని. రెండు వారాల ముందు చేసి ఉంటే ఆ పెద్దాయన ఫోను చేయవలసిన అవసరమే వచ్చేది కాదు.

2018లో విడుదలైన ఆటోక్యాడ్ 2019 కూర్పులో ఈ పోలిక ఒక సాధనంగానే చేరింది. రెండు డ్రాయింగులు ఇస్తే తేడాలను రంగుల్లో చూపి, తేడా ఉన్న చోట్ల చుట్టూ మబ్బులను తానే గీస్తుంది. గీసినవాడి వాంగ్మూలంతో పని లేని మబ్బులవి. ఇంతవరకు నేను మా రెండో కుర్రవాడి పక్షమే.

అతనితో పేచీ ఇక్కడినుంచి మొదలవుతుంది.

మొదటిది, రెండు పొరలూ సరిగా కూర్చుంటేనే ఈ చిత్రానికి అర్థం ఉంటుంది. కొత్త కూర్పును ఎవరైనా రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిపి ప్రింటు తీశారంటే పటమంతా ఎరుపూ నీలిపచ్చా అయి కూర్చుంటుంది. అంతా తేడాగా కనిపించడమూ, ఏ తేడా కనిపించకపోవడమూ ఒకటే. అందుకే పొరలను కాగితం అంచులు చూసి కలపకూడదు. దూరదూరంగా ఉన్న రెండు స్తంభాల నడిబిందువులు చూసి కలపాలి. మేస్త్రి చేసినదీ సరిగ్గా అదే, “స్తంభాల మీద స్తంభాలు” పెట్టాడు. మారకూడనిది ఏదో ముందు తెలిస్తేనే మారినది ఏదో తెలుస్తుంది.

రెండోది, అంకెలు. గీత జరిగితే రంగు చెబుతుంది. పన్నెండు మిల్లీమీటర్ల రాడ్డు పది మిల్లీమీటర్లు అయితే? 150 ఎడం 180 అయితే? అంకె మీద అంకె పడి ఒక చిన్న మరక కనిపిస్తుంది. అక్షరాల ఆకృతి మారినా అలాంటి మరకే కనిపిస్తుంది. కన్ను దాన్ని దాటి పోతుంది. కట్టడాన్ని కూల్చగల మార్పు ఆ మరకలో ఉండవచ్చు. గోడ గీత అర అంగుళం జరిగితే పటం పొడవునా మెరిసే రంగులో ప్రమాదమేమీ లేకపోవచ్చు. రంగు తేడా పరిమాణాన్ని చెబుతుంది, ప్రాముఖ్యాన్ని చెప్పదు.

మూడోది, చూసే కన్ను. ఎరుపు, ఆకుపచ్చల భేదం సరిగా పోల్చుకోలేని పురుషులు వందకు కొందరు ఉంటారు. పాపం, వారిలో చాలామందికి తమకు ఆ లోపం ఉన్నట్టే తెలియదు. ఎరుపు, పచ్చల జంటతో పోల్చి ‘తేడా లేదు’ అని సంతకం పెట్టేవారు మన మధ్యనే ఉండవచ్చు. నేనిప్పుడు నారింజ, నీలం వాడుతున్నాను. కలిసినచోట కటిక నలుపు రాకపోయినా ముదురుగానే వస్తుంది. గీతలు మరీ దట్టంగా ఉన్నచోట రంగులు మానేసి, పై పొరను ఆపుతూ వెలిగిస్తూ చూస్తాను. అప్పుడు కదిలిన గీత గెంతుతుంది. ఇదీ పాత ఉపాయమే. ప్లూటోను కనిపెట్టింది ఇలాగే. అమెరికాలోని లోవెల్ వేధశాలలో క్లైడ్ టాంబా 1930 జనవరి 23న, 29న తీసిన రెండు ఆకాశచిత్రాలను ఒక యంత్రంలో మార్చి మార్చి చూస్తుండగా, ఫిబ్రవరి 18న ఒక చిన్న చుక్క గెంతింది. తక్కిన నక్షత్రాలన్నీ కదలలేదు కనుకనే ఆ గెంతు కనబడింది.

నాలుగోదే అసలైనది. తేడా కనబడడం వేరు, దాని పర్యవసానం తెలియడం వేరు.

అమెరికాలోని కాన్సాస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటలు ప్రమాదం మా వృత్తిలో అందరూ చదువుకునే పాఠం. విశాలమైన నడిహాలులో, పైకప్పునుంచి ఉక్కు కడ్డీలతో వేలాడే వంతెనలు కట్టారు. నాలుగో అంతస్తు వంతెనకు సరిగ్గా కింద రెండో అంతస్తు వంతెన. మొదటి రూపకల్పనలో ఒకే పొడవాటి కడ్డీ పైకప్పునుంచి దిగి, పై వంతెన దూలంలోనుంచి దూరి, కింది వంతెనదాకా పోతుంది. తయారీ సౌకర్యంకోసం దానిని రెండుగా మార్చారు. పైకప్పునుంచి పై వంతెనకు ఒక కడ్డీ, పై వంతెన దూలంనుంచి కింది వంతెనకు వేరొక కడ్డీ. కాగితం మీద చూస్తే ఒక గీత పోయి, పక్కపక్కనే రెండు గీతలు వచ్చాయి. అంతే.

నూతిలోకి వేలాడే తాడును ఇద్దరు మనుషులు ఒకరికింద ఒకరు పట్టుకున్నారనుకోండి. ఎవరి బరువు వారి చేతులమీదే ఉంటుంది. ఇప్పుడు కిందివాడు తాడు వదిలి పైవాడి కాళ్ళు పట్టుకున్నాడనుకోండి. తాడుమీది బరువు మారలేదు, పైవాడి చేతులమీది బరువు మాత్రం రెట్టింపయింది. పై వంతెన దూలం కింద ఉన్న నట్టుకు జరిగింది అదే. మార్చిన డ్రాయింగుమీద ఇంజనీర్ల పరిశీలన ముద్ర పడింది. 1981 జూలై 17 సాయంత్రం, హాలులో నృత్యవేడుక జరుగుతుండగా రెండు వంతెనలూ కూలి 114 మంది మరణించారు. విచారణలో తేలిన మరొక సంగతి ఏమిటంటే, మార్చకముందు రూపకల్పన కూడా నిబంధనలు కోరిన బలంలో సుమారు 60 శాతమే. ఫోనులో అడిగి మార్చామని తయారీదారులు అన్నారు. అలా అడగలేదని ఇంజనీరు అన్నాడు. చివరికి బాధ్యులైన ఇంజనీర్ల అనుమతిపత్రాలు రద్దయ్యాయి.

అక్కడ రంగుల పొరలు ఉండి ఉంటే ఏమయ్యేది? వేర్వేరు చేతులు గీసిన పటాలు ఒకదానిమీద ఒకటి అతుకుతాయన్న నమ్మకం లేదు. అతికినా, ఒక చిన్న ఎర్ర గీత, దాని పక్కన రెండు నీలిపచ్చ గీతలు కనిపించి ఉండేవి. ‘తేడా గమనించితిమి’ అని వ్రాసుకుని, కింద మరో ముద్ర వేసి ఉండేవారేమో. ఆ గీతను చూసి “ఎందుకు మార్చారు? ఇప్పుడీ బరువు ఎవరు మోస్తారు?” అని అడిగే మనిషి ఉంటే తప్ప ఎన్ని రంగులు ఉన్నా ఒకటే. పైగా పాత కూర్పే తప్పయినప్పుడు, ఏ మార్పూ లేని నల్లని గీత కూడా అభయం ఇవ్వదు. నలుపు అంటే మారలేదని మాత్రమే అర్థం. సరిగా ఉందని కాదు.

ఇప్పుడు ఇచ్చిన మాట ప్రకారం పాఠాంతరాల దగ్గరికి వస్తాను. వేమన పద్యాలను 1829లో అచ్చువేయించిన బ్రౌను దొర, ఒక్కొక్క కావ్యానికి దొరికినన్ని వ్రాతప్రతులు తెప్పించి, పండితులచేత సరిపోల్పించి, భేదాలు గుర్తింపజేశాడని మనందరికీ తెలుసు. తాటాకును తాటాకు మీద పెట్టి ఎండకు పట్టలేరు కనుక ఒకరు చదువుతుంటే మరొకరు సరిచూసుకోవలసిందే. ఇవాళ వికీపీడియాలో ఒక వ్యాసపు రెండు కూర్పులను ఎంచుకుంటే చేరిన మాటలూ పోయిన మాటలూ రంగుల్లో ఎదుట నిలుస్తాయి. బ్రౌను పండితులకు నెలలు పట్టిన పని క్షణంలో అవుతుంది. అయితే భేదం చూపడం ఒక పని, పాఠం నిర్ణయించడం మరొక పని. రెండు ప్రతుల్లో రెండు మాటలు ఉన్నప్పుడు ఛందస్సు దేనిని ఒప్పుకుంటుంది, అర్థం దేనివైపు మొగ్గుతుంది, లేఖకుడి చేయి ఎక్కడ జారి ఉంటుంది అని ఆలోచించేది మనిషే. అన్ని ప్రతుల్లోనూ ఒకటే మాట ఉన్నంత మాత్రాన అది కవి మాటే అనడానికీ లేదు. మొదటి లేఖకుడే పొరబడి ఉండవచ్చు. నల్లని గీతను గుడ్డిగా నమ్మకూడదని నేను అన్నదీ ఇదే.

ఇంతకూ మా కుర్రవాళ్ళకు నేను చెప్పిన తీర్పు ఇది. ఒకటి, మబ్బులు ఉన్నా లేకున్నా, ప్రతి కొత్త కూర్పునూ వెనకటి కూర్పుతో పొరలుగా పరిచి చూడనిదే సంతకం పెట్టకూడదు. రెండు, పొరల్లో రంగు కనిపించిన ప్రతి చోటుకూ పట్టికలో ఒక కారణం వ్రాసి ఉండాలి. ‘సవరించబడినది’ అనేది కారణం కాదు. ఎవరు అడిగితే మారింది, ఎందుకు మారింది, దానివల్ల ఇంకేమి మారాలి, ఈ మూడూ చెప్పేదే కారణం. మూడు, అంకెలనూ షరతులనూ రంగులకు వదలకుండా కన్ను పెట్టి చదవాలి. ఇదంతా చాదస్తమని వాళ్ళు నవ్వుకున్నారని నాకు తెలుసు. గడువులు తరుముతుంటే ఒక్కొక్క డ్రాయింగుకు అరగంట ఎక్కువ పడుతుందన్న మాట కూడా నిజమే. బాల్కనీలో నిలబడి కాఫీ తాగబోయే మనిషిని తలచుకుంటే ఆ అరగంట నాకు ఎక్కువనిపించదు.

ఆ స్లాబు వేసిన రోజున మేస్త్రికి కృతజ్ఞతలు చెప్పబోయాను. ఆయన మాట దాటవేసి, “రాడ్లు సరిగ్గున్నయా సార్, ఒకసారి సూడుండ్రి” అన్నాడు. తర్వాత ఇంజనీరింగు పుస్తకాలు చాలానే చదివాను. కూర్పుల పోలిక గురించి ఆయన ఫోనులో అడిగిన ప్రశ్నకంటే మంచి మాట నాకు ఎక్కడా దొరకలేదు. తీసేశారా, మరిచిపోయారా? ఆ రెండింటికీ తెరమీద ఒకటే రంగు.